సీసం లేని ప్లేటు మీద 60/40 సీసం వైరు వేస్తే ఎల్‌ఈడీలు వదిలేస్తాయా?

మాచర్ల సర్వీస్:

అందరికీ నమస్కారం. మాది మాచర్ల. మిక్సీలు, ఇండక్షన్ స్టవ్‌లు, టీవీలు బాగుచేసే షాపు. ఈమధ్య ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు ఎక్కువగా వస్తున్నాయి.

ఊళ్ళో ఒక కల్యాణ మండపం వాళ్ళ 100 వాట్ల ఫ్లడ్‌లైట్లు చేశాను. లోపల అల్యూమినియం ప్లేటు, దాని మీద వరసగా చిప్ ఎల్‌ఈడీలు. నా పద్ధతి చాలామంది చేసేదే. ఇస్త్రీ పెట్టె తిరగేసి దాని మీద ప్లేటు పెడతాను. కింద నుంచి వేడెక్కాక కాలిపోయిన ఎల్‌ఈడీని ట్వీజర్‌తో లాగేసి, ప్యాడ్‌కి, అంటే ఎల్‌ఈడీ అతికే లోహపు మచ్చకి, కాస్త 60/40 సోల్డర్ వైరు (60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం) తగిలించి, కొత్తది కూర్చోబెడతాను. టేబుల్ మీద చాలాసేపు వెలిగించి చూశాకే ఇచ్చాను.

పెళ్ళి రాత్రి ఫోన్. లైట్లు మిణుకుమిణుకుమంటూ ఒక్కోటీ ఆరిపోతున్నాయట. మండపం ఓనరు మాటలు ఇక్కడ రాయలేను. పొద్దున్నే వెళ్ళి స్విచ్ వేస్తే అన్నీ శుభ్రంగా వెలిగాయి! దించి షాపుకి తెచ్చాను. ఒట్టి ప్లేటు వెలిగిస్తే రాని జబ్బు, బాడీలో బిగించి అలా వదిలేస్తే వచ్చింది. అద్దం తీసి మల్టీమీటర్ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) ఆనిస్తే ప్లేటు మీద 103 డిగ్రీలు. ఆ వేడి మీదే ట్వీజర్‌తో తాకితే నేను మార్చిన ఎల్‌ఈడీ పక్కకి జరిగింది. దాని పక్కనే ఉన్న కంపెనీ ఎల్‌ఈడీ మాత్రం కదల్లేదు.

60/40 కరగాలంటే 183 కావాలి కదా, 103 దగ్గర ఎలా కదులుతుంది? లెడ్-ఫ్రీ, అంటే సీసం లేని అతుకు మీద సీసం వైరు తగలకూడదని ఒకాయన అన్నారు. అదే కారణమైతే, ఇండక్షన్ స్టవ్ బోర్డులు కూడా లెడ్-ఫ్రీవే, వాటి మీద మొదటి నుంచీ ఇదే వైరు వాడుతున్నాను. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

హన్మకొండ టీవీ:

అన్నా, లెడ్ లేదు, లెడ్-ఫ్రీ లేదు, అదంతా కంపెనీల గొడవ. నేను సీఆర్‌టీ టీవీల కాలం నుంచి 60/40 తప్ప ఇంకోటి ముట్టలేదు. ఎల్‌ఈడీ టీవీ పవర్ బోర్డులైనా, ఏసీ బోర్డులైనా అదే వైరు. మీ వైరే డూప్లికేట్ అయ్యుంటది. మీద 60/40 అని రాసి లోపల సీసం ఎక్కువ పోసి అమ్ముతున్నరు. తగరం రేటు అట్లుంది మరి. ఆ రీల్ పక్కన పడేసి మంచిది తెచ్చుకోండి. 103 డిగ్రీలు కూడా ఎక్కువే, ప్లేటు వేడిని బాడీకి చేరవేసే హీట్‌సింక్ పేస్ట్ ఎండిపోయిందేమో చూడండి.

కుషాయిగూడ రీవర్క్:

మాచర్ల తమ్ముడూ, ప్రశ్న అడిగితే ఇలా అడగాలి. నా దగ్గరికొచ్చే బోర్డుల మీద "పనిచేయట్లేదు" అన్న చీటీ తప్ప ఇంకేమీ ఉండదు. నువ్వు థర్మోకపుల్ పెట్టావు, వేడి మీద కదిపి చూశావు, కంపెనీ ఎల్‌ఈడీ కదల్లేదని కూడా రాశావు. సగం జవాబు అందులోనే ఉంది.

నేను చర్లపల్లిలో ఒక యూనిట్లో రీవర్క్ టేబుల్ మీద, అంటే తప్పుపోయిన అతుకులు సరిచేసే చోట, చాలాకాలం చేశాను. ఇప్పుడు ఇంటి దగ్గరే బోర్డులు చూస్తున్నాను. మా యూనిట్లో రెండు రకాల ఆర్డర్లు ఉండేవి. రక్షణ శాఖకి వెళ్ళే బోర్డులకి సీసం వైరు, ఎక్స్‌పోర్టు బోర్డులకి లెడ్-ఫ్రీ. సీసం టేబుల్ ఐరన్‌కి ఎర్ర టేపు, ఇంకోదానికి పచ్చ టేపు. ఎర్ర టేపు ఐరన్ పచ్చ టేబుల్ మీదికి వచ్చిందంటే సూపర్‌వైజర్ ఇల్లు పీకి పందిరేసేవాడు. అప్పట్లో అది చాదస్తం అనుకునేవాళ్ళం.

ముందు హన్మకొండ అన్న మాట. హీట్‌సింక్ పేస్ట్ సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. డూప్లికేట్ వైరు సంగతి మాత్రం ఇక్కడ కుదరదు. సీసం ఎక్కువ కలిపితే వైరు తొందరగా కరగదు, ఇంకా మొండికేస్తుంది. 40 పాళ్ళు తగరం, 60 పాళ్ళు సీసం ఉన్న వైరు పూర్తిగా కరగడానికి 238 దాకా కావాలి. తగరం, సీసం రెండే ఉన్నప్పుడు ఏ పాళ్ళలో కలిపినా 183 కంటే కింద కరగడం మొదలుకాదు. కాబట్టి 103 దగ్గర కదిలిందంటే మూడో లోహం ఏదో వచ్చి చేరింది.

ఆ మూడోది బిస్మత్. నీ వైరులో కాదు, ప్లేటు మీదే ఉంది.

లెడ్-ఫ్రీ అనగానే మనం ఒకే సరుకు అనుకుంటాం. ఇండక్షన్ స్టవ్, టీవీ, ఏసీ బోర్డుల్లో ఉండేది ఎక్కువగా తగరం-వెండి-రాగి, లేదంటే తగరం-రాగి. మొదటిదాంట్లో బాగా వాడే రకం శాక్ 305, అంటే నూటికి 3 పాళ్ళు వెండి, అర పాలు రాగి, మిగతాదంతా తగరం. కరగడం 217 దగ్గర మొదలై 220 కల్లా అయిపోతుంది. తగరం-రాగి అయితే 227. వీటిలోకి సీసం వచ్చి కలిస్తే కరిగే వేడి 180 చుట్టుపక్కలకి దిగుతుంది, అంతకంటే దిగదు. స్టవ్ బోర్డు మీద అతుకు అంత వేడెక్కదు కాబట్టి నీకు ఏ గొడవా రాలేదు. హన్మకొండ అన్నకీ అందుకే రాలేదు.

ఎల్‌ఈడీ ప్లేట్ల కథ వేరు. ఎల్‌ఈడీ ప్లాస్టిక్ ఎక్కువ వేడికి పసుపెక్కుతుంది. అల్యూమినియం ప్లేటేమో వేడిని లాగేసుకుంటుంది. అందుకని చాలామంది తయారీదారులు 42 పాళ్ళు తగరం, 58 పాళ్ళు బిస్మత్ ఉన్న సోల్డర్ పేస్ట్ వాడతారు. అది 138 దగ్గరే కరుగుతుంది. దాంట్లోనూ సీసం ఉండదు, దాన్నీ లెడ్-ఫ్రీ అనే అంటారు. మొబైల్ షాపుల్లో 138 అని రాసి ఉండే డబ్బా ఇదే.

దాని మీద నువ్వు 60/40 తగిలించావు. తగరం, సీసం, బిస్మత్ మూడూ ఒకచోట చేరితే వాటిలో కొంత భాగం 96 డిగ్రీలకే కరిగిపోతుంది. నీళ్ళు మరిగే వేడి కూడా అక్కర్లేదు! అతుకు మొత్తం నీరుకాదు. కొంత గట్టిగా, కొంత ద్రవంగా, గడ్డకట్టీ కట్టని నెయ్యిలా ఉంటుంది. నీ 103 దగ్గర అది ఆ స్థితిలో ఉంది. ప్లేటు వేడెక్కి సాగినప్పుడల్లా ఎల్‌ఈడీ కింద అతుకు చీలుతుంది. ఒక్కో వరసలో ఎల్‌ఈడీలు సీరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా ఉంటాయి కాబట్టి ఒకటి వదిలితే వరసంతా ఆరుతుంది. రాత్రంతా చల్లారి గట్టిపడ్డాక మళ్ళీ తగులుకుంటుంది, అందుకే పొద్దున్నే వెలిగింది. పక్కనున్న కంపెనీ ఎల్‌ఈడీకి సీసం అంటలేదు, దానికి 138 కావాలి, అది కదల్లేదు.

దీన్ని రూఢి చేసుకోవడం తేలిక, నీ ఇస్త్రీ పెట్టె చాలు. నువ్వు ముట్టుకోని ఒక ప్లేటు దాని మీద పెట్టి, థర్మోకపుల్ తీగని ఎల్‌ఈడీ పక్కనే వేడికి ఆగే పసుపు టేపుతో అంటించు. వేడి మెల్లగా పెంచు. 140, 150 మధ్య కంపెనీ ఎల్‌ఈడీని ట్వీజర్‌తో తాకు. జారిందా, బిస్మత్. 150 దాటినా బిగిసి ఉందా, వేరే రకం. సోల్డరింగ్ స్టేషన్‌తో ఈ పరీక్ష కుదరదు. 936 రకం స్టేషన్లు 200 కంటే కిందికి దిగవు, ఆ వేడికి సీసం వైరూ కరుగుతుంది, బిస్మత్ పేస్టూ కరుగుతుంది. ఏది ఏదో తేలదు.

మాచర్ల సర్వీస్:

అక్కా, మీరు చెప్పినట్టే చేశాను. మండపం వాళ్ళదే ఇంకో లైటు, నేను చేయి పెట్టనిది, అందులోంచి ప్లేటు తీశాను. 142 చూపిస్తున్నప్పుడు తాకితే ఎల్‌ఈడీ సర్రున జారింది! మా కుర్రాడు అప్పటికే 100 దాటాక నాలుగుసార్లు పొడిచి చూశాడు, ఒక్కటీ కదల్లేదు.

మరి ఇప్పుడేం చేయాలి? పాతది విక్‌తో (సోల్డర్ పీల్చే రాగి అల్లికతో) తీసేసి మళ్ళీ 60/40 వేయొచ్చా? లేక 138 పేస్ట్ కొనాలా? ఇంకోటి, బోర్డు చూడగానే బిస్మత్ ఉందో లేదో చెప్పే గుర్తు ఏమైనా ఉందా? ప్రతిదాన్నీ ఇస్త్రీ పెట్టె ఎక్కించలేను కదా.

కుషాయిగూడ రీవర్క్:

గుర్తు ఉంది, కానీ అందరూ వేయరు. కొన్ని బోర్డుల మీద చిన్న సున్నా లోపల చిన్నబడి ఇంగ్లీషు ఇ అక్షరం, పక్కన అంకె ఉంటుంది. ఇ1 అంటే తగరం-వెండి-రాగి. ఇ2 అంటే ఇతర తగరం మిశ్రమాలు, అందులో బిస్మత్ ఉండదు. ఇ6 అంటే బిస్మత్ ఉన్నట్టు. ఇ6 కనిపించిన బోర్డు దగ్గరికి సీసం వైరు తేకు, అంతే. ఫ్లడ్‌లైట్ ప్లేట్ల మీద ఈ గుర్తు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు, వాటి మీద వాట్లు కూడా సరిగ్గా రాయరు. అల్యూమినియం ప్లేటు కనిపిస్తే బిస్మత్ ఉందనే అనుకుని పని మొదలుపెట్టు. ల్యాప్‌టాప్‌లు పట్టేవాళ్ళు కూడా జాగ్రత్తగా ఉండాలి. తక్కువ వేడికి కరిగే సోల్డర్‌తో, 180 డిగ్రీలు మించకుండా బోర్డులు చేస్తున్నామని లెనోవో 2017లోనే ప్రకటించింది. పని ఎక్కువైతే ప్రాసెసర్ వేడి 90 దాటడం మామూలే, అలాంటి బోర్డు మీద 63/37 సీసం వైరు వేస్తే నీ మండపం కథే.

ఇక చేయాల్సిన పని. విక్‌తో తీసి మళ్ళీ 60/40 వేస్తానంటే నేను ఒప్పుకోను. విక్ ఎంత బాగా లాగినా ప్యాడ్ మీద పలచటి పొర మిగులుతుంది, అందులో బిస్మత్ ఉంటుంది. ఇంత చిన్న అతుకుకి ఆ కాస్త చాలు. 138 పేస్ట్ వేస్తే కంపెనీ వాళ్ళు చేసిందే నువ్వూ చేసినట్టు, తప్పేమీ లేదు. కాకపోతే నీ ప్లేటు 103 దగ్గర నడుస్తోంది, 138కి అది మరీ దగ్గర. బిస్మత్ అతుకు పెళుసు కూడా, కిందపడితే పగులుతుంది.

నేనైతే లెడ్-ఫ్రీ పేస్ట్ వేస్తాను, శాక్ 305. మిగిలిపోయిన కాస్త బిస్మత్ దాంట్లో కలిసినా, సీసం లేదు కాబట్టి 96 గొడవ రాదు. ప్లేటుని కింద నుంచి 120 దాకా వేడి చేసి, ప్యాడ్‌కి ఫ్లక్స్ (సోల్డర్ బాగా పారడానికి రాసేది) రాసి, విక్‌తో రెండుసార్లు లాగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పేస్ట్ పెట్టి, పైనుంచి హాట్ ఎయిర్. కరిగి మెరవగానే గాలి తీసెయ్, ఎల్‌ఈడీ మూతి మీద ఎక్కువసేపు ఆడించకు. కింద వేడి 130 దాటనివ్వకు, 138కి చేరితే చుట్టుపక్కల ఎల్‌ఈడీలన్నీ తేలతాయి. టీ తాగడానికి వెళ్ళకు.

నువ్వు ఇదివరకే 60/40 వేసిన ప్యాడ్‌లు ఉన్నాయి చూడు, వాటితో ఈ కష్టం పడొద్దు. మూడూ కలిసిపోయాక అక్కడి నుంచి సీసాన్ని పూర్తిగా తీయడం మన టేబుల్ మీద అయ్యే పని కాదు. ఆ లైట్లకి కొత్త ప్లేటు వేసెయ్. బిగించేటప్పుడు పాత హీట్‌సింక్ పేస్ట్ గీకేసి, కొత్తది పలచగా రాసి, స్క్రూలన్నీ బిగించు. నాలుగు స్క్రూలకి రెండే ఉన్న లైట్లు ఎన్ని చూశానో. వేడి తగ్గకపోతే ఎల్‌ఈడీలకి కరెంటు ఇచ్చే డ్రైవర్‌ని కూడా చూడు, ప్లేటు ఓర్చుకోగలిగినదాని కంటే ఎక్కువ తోస్తుందేమో.

పార్క్‌లేన్ మొబైల్స్:

అక్కా, మంచి టాపిక్. నేను సికింద్రాబాద్‌లో ఫోన్లు చేస్తా. ఐసీ రీబాలింగ్‌కి, అంటే చిప్ కింద ఉండే సోల్డర్ గుండ్లు (బాల్స్) మార్చడానికి, సీసం ఉన్న 183 పేస్ట్ వాడతాం, బోర్డేమో లెడ్-ఫ్రీ. మరి మేం కూడా కలుపుతున్నట్టే కదా? 2017లో ఐఫోన్ టెన్ నుంచి రెండంతస్తుల బోర్డులు వచ్చాయి. వాటి మధ్య పొరకి 138 పేస్ట్ పెడతాం. అది ప్రమాదమా?

కుషాయిగూడ రీవర్క్:

కలపడం వల్ల చెడేవి తక్కువ, పూర్తిగా కలవకుండా వదిలేయడం వల్ల చెడేవే ఎక్కువ. ఐసీ కింద పాత లెడ్-ఫ్రీ బాల్స్ అలాగే ఉంచి, ప్యాడ్ మీద 183 పేస్ట్ రాసి, 200 దగ్గర ఐసీ కూర్చుందని గాలి ఆపేస్తారు చూడు, అక్కడ వస్తుంది తంటా. పేస్ట్ కరిగింది, బాల్ కరగలేదు. బాల్‌కి ఒక పక్క సీసం చేరి, ఇంకో పక్క చేరకుండా ఉండిపోతుంది. ఫోన్ రెండుసార్లు కిందపడితే చీలిక అక్కడే. అందుకని పాత బాల్స్ అన్నీ తీసి, ఐసీ వైపూ బోర్డు వైపూ విక్ లాగి, మొత్తం ఒకే రకం బాల్స్ వెయ్యి. పాత బాల్స్ ఉంచే పనైతే 217 దాటించి, ఐసీ ఒక్కసారి కిందికి దిగేదాకా ఆగు. అప్పుడు మొత్తం ఒకే మిశ్రమం అవుతుంది, అది బాగానే నిలుస్తుంది.

మధ్య పొర సంగతికొస్తే, నీకంటే ముందు ఎవరైనా అక్కడ 183 పెట్టారేమో చూసుకో. దాని మీద 138 వేస్తే మళ్ళీ ఆ 96 మిశ్రమమే. ఫోన్ లోపల అంత వేడి రాదు కాబట్టి కరిగిపోదు, కానీ అతుకు బలహీనం. నేను చేస్తే రెండు వైపులా శుభ్రంగా లాగేసి ఒకటే రకం పెడతాను. ఇంతకంటే ఎక్కువ చెప్పను, ఫోన్లు నా పని కాదు.

హన్మకొండ టీవీ:

అక్కా, డూప్లికేట్ వైరు సంగతి ఒప్పుకున్నా. ఒక డౌటు. కొత్త టీవీ బోర్డు ఏది తెరిచినా అతుకులు మెరుపు లేకుండా గరుకుగా కనిపిస్తున్నయి. డ్రై సోల్డర్ (సరిగ్గా పట్టని అతుకు) అనుకుని నేను అన్నింటి మీదా ఒకసారి ఐరన్ పెట్టి 60/40 తగిలిస్త. ముందుజాగ్రత్త. అది మంచిదేనా? ఇంకోటి, ఈ సీసం వైరు మీద మనకి నిషేధం ఉన్నదా?

కుషాయిగూడ రీవర్క్:

అన్నా, ఆ ముందుజాగ్రత్త మానెయ్. లెడ్-ఫ్రీ అతుకు చల్లారితే మసకగా, సన్నటి గీతలతో కనిపించడం సహజం. డ్రై సోల్డర్ కావాలంటే భూతద్దం పెట్టి చూడు, కాంపోనెంట్ కాలు చుట్టూ సన్నటి నల్ల వలయం ఉంటుంది, కాలు కదిపితే ఆ వలయం లోపల కాలు ఒక్కటే కదులుతుంది. అలాంటిదానికే ఐరన్ పెట్టు. పెట్టినప్పుడు పాతది సోల్డర్ పీల్చే పంపుతో లాగేసి కొత్తది నిండా వెయ్యి. పాతదాని మీద చిటికెడు సీసం అంటిస్తేనే చెడ్డది. అతుకు చల్లారేటప్పుడు ఆ చిటికెడు సీసం అన్నిటికంటే ఆఖర్న గట్టిపడుతుంది, అదీ ప్యాడ్ పక్కన చేరి. అప్పుడు కాలు కాస్త కదిలినా, బోర్డు కాస్త వంగినా అంచు లేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ళ దగ్గర, గ్రౌండ్ ప్యాడ్‌ల దగ్గర ఇది బాగా కనిపిస్తుంది. అక్కడ పాత లెడ్-ఫ్రీ పూర్తిగా కరిగేదాకా ఐరన్ ఆనించి ఉంచాలి. 350 చాలకపోతే వేడి పెంచే ముందు ఐరన్‌కి వెడల్పు బిట్ (మొన) వేసి చూడు.

నిషేధం సంగతి. యూరప్‌లో 2006 జూలై 1 నుంచి కొత్త సరుకులో సీసం నూటికి 0.1 పాలు మించకూడదు. మన దగ్గర కూడా ఈ-వేస్ట్ నియమాల్లో అదే హద్దు, 2014 మే 1 నుంచి. అది కొత్త సరుకు తయారుచేసి అమ్మేవాళ్ళకి పెట్టిన షరతు. రిపేర్ టేబుల్ మీద నీ 60/40 ఎవరూ లాక్కోరు. కంపెనీకి తిరిగి వెళ్ళే వారంటీ బోర్డుల మీద మాత్రం వాడకు, వాళ్ళు పరీక్ష చేస్తే దొరికిపోతావు.

మాచర్ల సర్వీస్:

అక్కా, ధన్యవాదాలు. మండపం ఓనరుకి కొత్త ప్లేట్ల రేటు చెప్పాను, మొహం మాడ్చుకున్నా సరే అన్నాడు. మిగతావాటికి శాక్ పేస్ట్ ఆర్డర్ పెట్టాను. లెడ్-ఫ్రీకి వేరే ఐరన్ కొనాలా, లేక ఉన్నదానికే బిట్ మార్చితే చాలా? ఇంకోటి, షాపులో మా ఆవిడ కూడా కూర్చుంటుంది, సీసం పొగ మంచిది కాదంటోంది.

కుషాయిగూడ రీవర్క్:

బిట్ మారిస్తే చాలు. 936కి 900ఎం బిట్లు ఎక్కడైనా దొరుకుతాయి, హైదరాబాద్ గుజరాతీ గల్లీలో డబ్బాలకొద్దీ ఉంటాయి. లెడ్-ఫ్రీలో తగరం ఎక్కువ, అది బిట్ మీది ఇనుప పూతని తొందరగా తినేస్తుంది. అందుకని పని అయ్యాక బిట్ మీద వైరు పూత ఉంచి ఆపు, ఒట్టిగా కాల్చకు.

మీ ఆవిడ మాట సగం నిజం. సీసం 350 డిగ్రీలకి పొగై లేవదు, అది మరగాలంటే 1,700 దాటాలి. ఆ పొగ ఫ్లక్స్‌లోని రోజిన్‌ది. అదీ ఊపిరితిత్తులకి మంచిది కాదు, కొందరికి ఉబ్బసం తెస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించు. సీసం లోపలికి వెళ్ళేది చేతుల నుంచి. వైరు పట్టుకున్న చేత్తో మిరపకాయ బజ్జీ తినకు, సబ్బుతో కడుక్కో. వైరు ముక్క పళ్ళ మధ్య పెట్టుకునే అలవాటు మీ కుర్రాడికి ఉంటే మాన్పించు, కుర్రాళ్ళందరికీ ఉంటుంది.

కొత్త బిట్‌కి మొదటి పూత లెడ్-ఫ్రీ వైరుతోనే వెయ్యి. స్పాంజ్ కూడా వేరేది పెట్టుకో, పాతదాని నిండా సీసమే.